నిరీక్షణ శబ్దవిచారము

ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు బోవు రైలుమార్గమున భీమడోలు కలదు. దానికి నుత్తరమున ద్వారకాతిరుమల క్షేత్రము. దక్షిణమున కొల్లేటి సరస్సు. వేంకటేశ్వరస్వామి దర్శనార్థము రైలుమీద వచ్చు యాత్రికులలో ననేకులు భీమడోలుననే దిగి కొండకు బోవుదురు. ఏలూరున 1854లో చర్చి మిషనరీ సంఘమువారు తమ పని నారంభించినది మొదలు ఈ ప్రాంతమున క్రైస్తవ కుటుంబములును వృద్ధి నొందినవి. కావున నిచ్చటి పాఠశాలల హాజరుపట్టీలలో వేంకటేశ్వరరావు ప్రక్కనే నిరీక్షణరావు అను పేరు కనబడిన నది వింత గాదు. సంస్కృతవ్యాకరణము చదివిన పండితున కా పేరు మొదట వినబడినప్పుడు పరిశీలనరావు అన్నట్లు తోచి నవ్వు రావచ్చును. సమాధిఫలకములపై పునరుత్థాననిరీక్షణను గూర్చిన వ్రాతలను జూచినప్పు డా నవ్వు నిలువదు. చచ్చిపోయిన బిడ్డను బూడ్చిపెట్టినచోట తల్లిదండ్రులు చెక్కించిన మాట కర్థమేమో తెలిసికొనకుండ శబ్దదోషము నెన్నుట పండితధర్మము గాదు.

తెనుగు పరిశుద్ధగ్రంథమున నిరీక్షణ యనునది పారిభాషికపదము. గ్రీకుభాషలోని ఎల్పిస్ అను శబ్దమునకు బ్రాయికముగా నిదియే యనువాదము. కన్నడమువారును నిరీక్షె యనియే గ్రహించిరి. మలయాళమువారు ప్రత్యాశ యనిరి. హిందీవారు ఆశ యనియే యూరకుండిరి. తమిళులు నమ్మికయను నర్థముగల నంబిక్కై యను మాటతో సరిపెట్టుకొనిరి. ఆంధ్రమున ఆశాశబ్దము పండితపామరసాధారణమై, రెండక్షరములలో ముగియుచుండగా, దాని విడిచి యైదక్షరములకు జేరువైన సంస్కృతపదమును దెచ్చుకొన నేల యను ప్రశ్న సహజము. దీనికి సమాధానము పరిశుద్ధగ్రంథముననే కలదు. నిర్గమకాండమునందలి పది యాజ్ఞలలో గడపటి యాజ్ఞ పొరుగువాని సొత్తు నాశింపరాదని నిషేధించుచున్నది. అచ్చటి తెనుగు ధాతువు ఆశించు. ఒకచోట నిషిద్ధమైన క్రియను వేరొకచోట విశ్వాసప్రేమలతో గూర్చి మూడవ సుగుణముగా విధించుట యెట్లు? అదియు గాక ఆంధ్రుని చెవికి ఆశ యనగానే పేరాశ, దురాశ, అడియాశ, ఆశపోతు అను బంధువర్గమంతయు వెంటవచ్చును. భగవద్గీత మొదలు వైరాగ్యశతకములవరకు ఆశను బాశముగా నిందింపని గ్రంథము లేదు. అనువాదకుల కీ సంగతి తెలిసియే యుండవలెను. 1805లో విశాఖపట్టణమున లండను మిషనరీ సంఘమువారగు క్రాను, డెగ్రాంజిగార్లు తెనుగున సువార్తల ననువదించుటకు బూనుకొన్నప్పుడు వారికి దోడ్పడిన యానందరాయరు పుట్టుకచే బ్రాహ్మణుడు. ఆ సువార్తలు శ్రీరామపురమున 1812లో నచ్చుపడినవి. తెనుగు క్రైస్తవపరిభాషకు మొదటినుండియు శాస్త్రసంస్కారముగల చెవి తోడుండెననుట కింత చాలును.

అయినను అనువాదకులు ఆశను బూర్తిగా వెలివేయలేదు. యెహెజ్కేలు గ్రంథమున నెండిన యెముకల దర్శనమునందు ప్రజలు తమ ఆశ విఫలమైనదని యేడ్చుచున్నారు. విలాపవాక్యముల మూడవ యధ్యాయమున, తన ప్రార్థనకు ద్వారము మూయబడినదని మొఱపెట్టినవానికే కొంతదూరము పోయినపిమ్మట ఆశ పుట్టుచున్నది. ఈ ప్రయోగములను సరిపోల్చి చూచిన నొక భేదము తెలియగలదు. తెనుగున ఆశ పుట్టును, చిగుర్చును, విఫలమగును, చచ్చును. దానికి గర్త తానే. మనుష్యుడు దాని కధికరణము మాత్రము. నిరీక్షణతో జేరు క్రియ వేరు. నలువదిరెండవ కీర్తనయందు కృంగిపోయినవాడు తన ప్రాణమునే సంబోధించి దేవునియందు నిరీక్షణ నుంచుమని చెప్పుచున్నాడు. ఉంచుట సకర్మకక్రియ. పుట్టనిదానిని బుట్టింపుమని యెవ్వరిని విధింపరాదు, ఉంచుమని విధింపవచ్చును. గుండెలో నేమియు గదలనివానికి ఆశ పెట్టుకొమ్మని చెప్పుట పొయ్యిలో నిప్పులేనివానికి వంట వండుమని చెప్పుటవంటిది. నిరీక్షణ నుంచుమనుట యట్లు గాదు.

ఇంక రూపవిచారము. ఈక్షధాతువునకు దర్శన మర్థము. నిర్ అను నుపసర్గము చేరి, భావార్థమున ల్యుట్ ప్రత్యయము వచ్చినచో నిరీక్షణమ్ అని నపుంసకమగును. దానికి దెనుగున తత్సమరూపము నిరీక్షణము గావలెను. దర్శనము, వీక్షణము, శ్రవణము అనునట్లు. మువర్ణము లేని నిరీక్షణ యను రూపమునకు మూలము ఆకారాంతస్త్రీలింగమగు నిరీక్షణా యనునది కావలయును. ప్రార్థన, గణన, ప్రేరణ, కల్పన మొదలగున విట్టివి. ఇవి యన్నియు ణ్యంతధాతువులమీద యుచ్ ప్రత్యయముచే సిద్ధించినవి. పాణినీయమున దృతీయాధ్యాయ తృతీయపాదమున దీనికి విధి కలదు. వందన, వేదనలకు వార్తికము శరణ్యము. ఈక్షధాతువునకు శుద్ధరూపమున నట్టి శరణ్యము లేదు. కాబట్టి నిరీక్షణ యను రూపము తప్పని కొట్టివేయుటకు వైయాకరణునకు వీలున్నది. తప్పు గాదని సాధింపవలెననిన నొకటే మార్గము. ధాతువు ప్రేరణార్థక ణిజంతమని యొప్పుకొనవలెను. అప్పుడు నిరీక్షణా యనగా చూచుట గాదు, చూచునట్లు చేయుట.

స్వార్థమున ణిచ్చని సమర్థించి యీ చిక్కునుండి తప్పించుకొనువారుందురు. లోకవ్యవహారమున మువర్ణము లోపించినదనువారు నుందురు. వారి మాటయే చరిత్రకు దగినది కావచ్చును. అనువాదకు లింత యాలోచించి మువర్ణమును దీసివేసిరని చెప్పుటకు వలనుపడదు. కాని శబ్దము ప్రయోక్తకంటె దూరము చూచుట వ్యాకరణమున గ్రొత్త గాదు. ణిజంతపక్షము నొప్పుకొన్నచో ప్రయోజకకర్త యెవ్వడను ప్రశ్న వచ్చును. దాని కిప్పుడే యుత్తరము చెప్పుట తగదు. గ్రంథమే పిదప నందిచ్చును.

అర్థమున నింతకంటె గట్టి యాక్షేప మొకటి కలదు. రోమీయులకు వ్రాసిన పత్రిక యెనిమిదవ యధ్యాయమున, కనబడునది నిరీక్షణకు విషయము గాదని పౌలు వాదించుచున్నాడు. గ్రీకున నీ వాదమునకు జిక్కు లేదు. ఎల్పిస్ శబ్దమున దర్శనార్థము లేదుగదా. తెనుగున మాత్రము, చూచుటయే ధాత్వర్థముగాగల పదమును జెప్పి, చూడబడునది దానికి గర్మ గాదనుట వదతోవ్యాఘాతమువలె దోచును. కంటికి గనబడనిదానిని నిరీక్షించుట యనగా నేమి?

ఉపసర్గములు ధాత్వర్థమును బలాత్కారముగా వేఱొకచోటికి గొనిపోవునని వైయాకరణులు చెప్పుదురు. ఈక్షధాతువే దీనికి మంచి యుదాహరణము. ప్రతి చేరిన ప్రతీక్ష, ఎదురుచూచుట. అప చేరిన అపేక్ష, కోరుట. పరి చేరిన పరీక్ష, శోధించుట. ఉప చేరిన ఉపేక్ష, చూచియు జూడనట్లుండుట. దర్శనార్థకమగు ధాతువునకే చూడకుండుటయు నర్థమైనప్పుడు, కనబడనిదానివైపు చూచుట నిరీక్షణ యగుట కడ్డేమి? తెనుగుభాషయు నిందుకు సాక్షియే. ఎదురుచూచు, కనిపెట్టు, కాచికొనియుండు అను మాటలలో మొదటి రెండును గన్నులతో జేయు పనులే. వచ్చువా డింకను గనబడనప్పుడే ఎదురుచూచుట. కనబడినపిమ్మట నది యెదురేగుట యగును.

ఆ పత్రికలోనే యైదవ యధ్యాయమున శ్రమనుండి యోర్పు, ఓర్పునుండి పరీక్ష, పరీక్షనుండి నిరీక్షణ యను వరుస కలదు. పరీక్షానిరీక్షణముల కేకధాతుత్వము తెనుగుననే కలదు గాని గ్రీకున లేదు. అచ్చటి పరీక్షాస్థానమున నున్న గ్రీకుపదమునకు బుటముబెట్టి తేల్చిన నిగ్గు అని భావము. అనువాదమున నొక్కొకప్పుడు మూలమునకు లేని సొంపు వచ్చును, ఇది యట్టిది. దైవము పరీక్షించుచున్నాడో యుపేక్షించుచున్నాడో తెలియని దశలో నున్నవానికి, ఆ రెండు మాటలును నిరీక్షణతో నొకే గర్భమున బుట్టినవని చెప్పుట శబ్దక్రీడ మాత్రమే యని కొందఱు తలపవచ్చును. అట్టి దశ ననుభవించినవా డట్లు తలపడు.

యూదులభాషలో నీ భావమునకు గల పదములలో తిక్వా యొకటి. దానికి ద్రాడు అనియు నర్థము కలదు. యెహోషువ గ్రంథమున రాహాబు తన కిటికీకి గట్టిన యెఱ్ఱని దారమునకు నదియే పేరు. కొల్లేటి లంకలలో గుంజకు గట్టిన పడవను జూచినవారికి దీనిని వ్యాఖ్యానింప బనిలేదు. పడవలో నిద్రించువాడు త్రాటిని బట్టుకొనియుండడు; త్రాడే పడవను బట్టుకొనియుండును. సంస్కృతమున ఆశాశబ్దమునకు దిక్కనియు నర్థమున్నట్లు అమరసింహుడు చెప్పెను. తెనుగున దిక్కనగా శరణ్యము. మన యనువాదకు లీ రెండవ ఆశను బట్టుకొనియుండిన నెట్లుండెడిదో యని యొక్కక్షణ మనిపించును. పేరాశయు నడియాశయు వెంటబడు మాట గావున వారు విడిచుటయే మేలు.

కనిపెట్టు అను పదము నింకను గొంత చెప్పవలసియున్నది. నేటి వ్యవహారమున దీనికి గ్రొత్తవస్తువును గనుగొనుట యను నర్థము ప్రబలినది. బడిపిల్లలు ధూమశకటమును గనిపెట్టినవా డెవ్వడని చదువుచున్నారు. పూర్వార్థ మది గాదు. కన్ను నొకచోట బెట్టి తీయకుండుట. పసిబిడ్డను గనిపెట్టుకొనియుండుమని తల్లి పెద్దకూతునకు జెప్పి నీళ్లకు బోవుటలో నీ యర్థము నేటికిని జెక్కుచెదరక యున్నది. నూటముప్పదవ కీర్తనయందు కావలివాడు తెల్లవాఱుటకై కనిపెట్టుటకంటె నెక్కువగా దన ప్రాణము ప్రభువుకొఱకు గనిపెట్టుచున్నదని భక్తుడు చెప్పుచున్నాడు. భీమడోలునకు దక్షిణమున జేపలచెఱువుల గట్లమీద బాక వేసికొని రాత్రులు కావలి గాయు కూలివానికి పండితులకంటె నీ యుపమ బాగుగ దెలియును. వాని కుత్సాహ మున్నను లేకున్నను, నిద్ర ముంచుకొనివచ్చినను, నాటి రాత్రి వాడు కూలిని దిట్టుకొనుచున్నను, తెల్లవాఱుట వాని మనోభావముమీద నాధారపడలేదు. వా డుదయమును గల్పింపడు. గట్టుమీద నుండుటయే వాని పని.

ఇచ్చటనే హృదయము మూసికొనిపోయినవాని సంగతి వచ్చుచున్నది. ఫరో హృదయమును గూర్చి చెప్పునప్పుడు హీబ్రూమూలమున మూడు ధాతువులు వాడబడినవి: గట్టిపడుట, బరువెక్కుట, బిరుసగుట. తెనుగున నీ మూటిని గఠినశబ్దముక్రింద గుదించుటచే నష్టము గలిగినది. రాతిగుండె వేఱు, బరువెక్కిన గుండె వేఱు. ఒకటి నింద, రెండవది జాలి. ఇల్లాలిని బోగొట్టుకొని, ప్రార్థనాలయమున నందఱతోపాటు నిలువబడి, పాట పాడుటకు నోరు రాక యున్నవాడు తన హృదయము కఠినమైనదని వినిన శాపగ్రస్తుడనని తలచి లేచిపోవును. బరువెక్కినదనిన నచ్చటనే కూర్చుండును. అనువాదమున నొక్క విశేషణమువలన మనుష్యుడు గుమ్మము దాటునో దాటడో నిర్ణయమగుట కిదియొక తార్కాణము.

అట్టివానికొఱ కెనుబదియెనిమిదవ కీర్తన యున్నది. కీర్తనల గ్రంథమున నింత చీకటియైనది వేఱొకటి లేదు. ఇతర విలాపకీర్తనలలో బెక్కు చివరకు స్తోత్రమున ముగియుచుండగా నిది యట్లు మలుపు తిరుగదు. హీబ్రూమూలమున దీని కడపటి పదమే చీకటియను నర్థముగలది. స్నేహితులు దూరమైరి, కన్ను క్షీణించెను, దేవుడు ముఖము దాచుకొనెను. ఇందు నిరీక్షణ యెక్కడ నున్నదని వెదకిన, మొదటి పాదమందలి సంబోధనమున మాత్రమే యున్నది. తన్ను రక్షించు దేవుడని పిలిచి, తరువాత రక్షణయే లేదని యంతయు జెప్పుచున్నాడు. శాస్త్రమున సంబోధన మనగా నభిముఖీకరణము, వేఱొకవైపు మొగము ద్రిప్పియున్నవానిని దనవైపు ద్రిప్పుకొనుట. సంబోధనము వాక్యార్థమున విధేయముగా జేరదు. క్రియకు గారకము గాదు. దానిని సత్యమనుటకును నసత్యమనుటకును వీలులేదు. లోపల నమ్మకము మిగులనివాడును బిలువవచ్చును. పోతనగారి గజేంద్రుడును మొసలిపట్టున నున్నప్పుడు దేవు డున్నాడో లేడో యని సందేహించియే పిలిచెను. అతని కథలో చక్రము వచ్చినది. ఈ కీర్తనలో నెవ్వరును రాలేదు. ఐనను దీనిని భక్తుల గ్రంథమునుండి తొలగింపక యుంచిన సంకలనకర్తల నెంత మెచ్చుకొనినను దప్పులేదు. నేటి క్రైస్తవగీతములలో ననేకము మూడవ చరణమునకు ముందే కన్నీరు తుడిచివేయు తొందరలో నున్నవి. వాని కర్త లీ కీర్తనను మఱలమఱల జదువుట మేలు.

ద్వారకాతిరుమలయందు, ఏ వైష్ణవాలయమునందైనను, నివేదనసమయమున తెర వేయుదురు. దర్శనము లేదు. అయినను వచ్చినవాడు వెనుదిరిగి కొండ దిగిపోడు. తెరవైపే చూచుచు నిలుచును. ఆ సమయమున వాడు చూచుచున్నది వస్త్రము. నిరీక్షించుచున్నది వస్త్రమును గాదు. పౌలువాక్యమున మనకు దోచిన వ్యాఘాత మిచ్చటి భక్తజనమున కెవ్వరును జెప్పకయే తీరిపోవుచున్నది.

ఇక ప్రయోజకకర్త. పురుషోత్తమచౌదరిగారు (1803–1890) తెనుగు క్రైస్తవకీర్తనకారులలో నగ్రగణ్యులు. పల్లవి, చరణములతో రాగతాళబద్ధమైన మన కీర్తనసంప్రదాయమును క్రీస్తుపరముగా నడిపిన ప్రౌఢులు. త్రాహి యని మొఱపెట్టు వారి ప్రసిద్ధకీర్తనయందు పల్లవియే క్రీస్తును వచ్చి దయతో జూడుమని వేడుచున్నది. ఆయన పాదములనే దిక్కుగా జెప్పుచున్నది. ఇచ్చట ఈక్షణక్రియకు గర్త మాఱినాడు. భక్తుడు తాను జూతునని చెప్పలేదు, తన్ను జూడుమన్నాడు. చూచుటకు గన్ను తెరువలేనివానికి మిగిలిన ప్రార్థన యిదియే, కృపాకటాక్షమును వర్ణింపని శతకమే లేని యాంధ్రదేశమున నిది పరాయిది గాదు. లూకా సువార్తలో పేతురు మూడుమాఱులు ప్రభువు నెఱుగనని బొంకినపిమ్మట నేడ్చినది తాను జూచుటచే గాదు. కోడి కూయగా ప్రభువు తిరిగి యతనివైపు చూచుటచే. చూడబడినవాడు జ్ఞాపకము తెచ్చుకొనెను. అపొస్తలుల కార్యములలో నూదారంగు వస్త్రముల నమ్ము లూదియ తన హృదయము దానే తెరచుకొన్నట్లు లేదు. ప్రభువు తెరచెనని యున్నది. ణిజంతపక్షమున వెనుక విడిచిన ప్రశ్నకు లూకా యిచ్చు నుత్తర మిది.

లూకా యిచ్చట వాడిన గ్రీకుధాతువునే తన సువార్త కడపటి యధ్యాయమున మూడుచోట్ల వాడెను: కన్నులు తెరవబడుట, లేఖనములు తెరవబడుట, మనస్సు తెరవబడుట. తెనుగున మొదటిదియు మూడవదియు తెరచుటగానే యున్నవి. రెండవచోట మాత్రము బోధపరచుట యని మార్చిరి. భావమునకు హాని లేదు గాని సూత్రము తెగినది. మూయబడిన కన్ను, మూయబడిన గ్రంథము, మూయబడిన హృదయము ఒకే చేతితో దెరవబడెనని లూకా చూపదలచినది తెనుగుచదువరికి గనబడదు. ఇకముందు సంస్కరణము చేయువారు రెండవచోట లేఖనములను విప్పి చూపుట యని యైనను వ్రాసిన బాగుండును.

ఆ యధ్యాయముననే నిరీక్షణాశబ్దమునకు బరమోదాహరణము కలదు. ఎమ్మాయునకు బోవు నిద్దఱు త్రోవలో గలిసిన బాటసారితో, సిలువవేయబడినవాడే తమ జనమును విడిపించునని నిరీక్షించియుంటిమని చెప్పుచున్నారు. గ్రీకున నిది యసమాప్తభూతము. అనువాదకులు భూతరూపమున నుంచి సంయుక్తక్రియతో దాని బరువును నిలిపిరి. ఇంతకంటె మంచి తెనుగుసేత యీ గ్రంథమున నరుదు. నిరీక్షణ గతించినదని వారు చెప్పుచున్నది నిరీక్షింపబడినవానితోనే. చూచుచున్నారు, చూచుటలేదు. వారి కన్నులు మూయబడియున్నవని లూకా ముందే చెప్పియున్నాడు. రొట్టె విఱిచినప్పు డవి తెరవబడినవి. తెరవబడిన క్షణముననే ఆయన యదృశ్యుడయ్యెను. అనగా వారికి దర్శనము నిరీక్షణగా మాఱుటకు రొట్టె విఱుచునంత కాలము పట్టినది. దానికి ముందు దారిపొడుగునను, పొద్దు వాలి గ్రామము చేరువరకును, వారి నోటనున్న క్రియ భూతకాలముననే యుండెను. ఆయన దానిని దిద్దక, వారితోపాటు నడచుచునే యుండెను.